మోకు పడే చోటు

నేను దుకాణం తలుపులు తీసి కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీయకముందే గాలయ్య వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. పలకరింపేమీ ఉండదు. కుడి చెయ్యి ముందుకు చాపుతాడు. నేను అతని మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గోడ గడియారంలో సెకండ్ల ముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా నాడి లెక్కపెట్టాలి. నా పేరు లచ్చయ్య. రామన్నపేటలో దర్జీని. రైకలూ లాగులూ కుట్టి బతికేవాణ్ణి. పొద్దున్నే ఒక మగవాడి చెయ్యి పట్టుకుని కూర్చోవడం నా కులవృత్తీ కాదు, నాకదేం సరదా కూడా కాదు. కాని గాలయ్యకు తెలిసినవాళ్ళలో సెకండ్ల ముల్లున్న గడియారం నా ఒక్కడి దగ్గరే ఉంది. దొర గడీలో సామాను అమ్ముడుపోయిన రోజుల్లో మా బాపు తెచ్చి గోడకు తగిలించాడు. దానివల్ల నాకు ఒరిగిందేమన్నా ఉంటే ఈ గాలయ్యే.

"ఎంతున్నది బావా?"

"డెబ్బయి."

"నిన్న?"

"నిన్న డెబ్బయే. మొన్న డెబ్బయే. ఇగ రేపటిది గూడ ఇప్పుడే చెప్పాల్నా?"

అతను నవ్వేవాడు కాదు. గుంజకు ఒరిగి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. రాత్రంతా పడుకుని లేచిన మనిషి, పక్క వీధి నుంచి నడిచి వచ్చిన మనిషి, పొద్దంతా బండలు మోసినవాడిలా కూలబడేవాడు. చూసీ చూసీ ఆ నీరసం నాకూ అంటుకునేది. సూదిలో దారం ఎక్కించడానికి కూడా బద్ధకమేసేది.

మొదట ఆ మనిషి ఇట్లా ఉండేవాడు కాదు. గాలయ్యది గౌండ్ల ఇల్లు. వాగు ఒడ్డున తాళ్ళలో, అదే తాటిచెట్లలో, బాగా ఎత్తయినవి అతని వంతు. పొద్దునా సాయంత్రమూ ఎక్కి, గెలలు గీసి, కల్లు నిండిన లొట్లు దించుకుని రావడం అతని పని. చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. ఎక్కేవాడు దాని మీద వెనక్కి వాలి, పొట్టతో రొమ్ముతో చెట్టును రాసుకుంటూ పైకి పోతాడు. కత్తులు పెట్టుకునే ముస్తాదును నడుము ముందు బిగించి కట్టుకుంటాడు. గాలయ్య మోకు వాళ్ళ నాయిన పేనింది. దాన్ని ఎవరినీ దాటనిచ్చేవాడు కాదు. చెట్టు కొనకు చేరాక మాత్రం నోరు ఊరుకునేది కాదు. నల్లగొండ రోడ్డు మీద బస్సు ఎంతదూరంలో ఉందో పైనుంచి కేకవేసి చెప్పేవాడు. "బస్సొస్తాంది, ఉరుకుండ్రి!" అనగానే సంచులు పట్టుకుని పరుగెత్తేవాళ్ళం. ఒక్కోసారి రాని బస్సు వచ్చిందని చెప్పి, మేం రోడ్డెక్కి బిక్కమొహం వేసుకుని నిలబడితే పైన పగలబడి నవ్వేవాడు. నన్ను అట్లా ఎన్నిసార్లు పరుగెత్తించాడో.

అరవై ఆరు ఎండాకాలంలో ఆ కేక సగంలో ఆగిపోయింది. పక్క చెట్టు మీదున్న అతని తమ్ముడు జానయ్య తిరిగి చూస్తే, అన్న తల వాలేసి మోకు మీద వేలాడుతున్నాడు. మోకు పట్టి ఉంచింది కనుక బతికాడు. జానయ్య ఆ చెట్టెక్కి, ఇంకో తాడుతో కట్టి దించేసరికి కింద నిలబడ్డ మాకందరికీ పైప్రాణాలు పైనే పోయాయి. నేలకు దిగాక కళ్ళు తెరిచి "బస్సు పోయిందా?" అన్నాడు. గౌండ్లవాళ్ళు తమ కులదేవుడు కాటమయ్యకు ఏదో లోటు జరిగిందని యాటపోతును బలిచ్చారు. కొన్నాళ్ళకు అన్నం తింటూ తింటూ, ముద్ద చేతిలో ఉండగానే వెనక్కి పడ్డాడు. నేల మీద కూడా పడుతున్నాడంటే ఇది చెట్ల దేవుడి పని కాదని అతని భార్య ఉప్పలమ్మకు తోచింది. బస్సెక్కించి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయింది.

గుండెలో పై అర్ర, అంటే పై గది, కొట్టే దెబ్బ కింది అర్రకు అందడం లేదనీ, ఏదో ఒకరోజు కింది అర్ర ఊరుకుంటుందనీ అక్కడి డాక్టరు చెప్పాడట. దానికి మందు లేదు. మద్రాసులో ఒక పెద్ద దవాఖానకు పైదేశపు డాక్టర్లు కొత్తరకం కరెంటు డబ్బాలు కొన్ని తెచ్చారు, ఉచితంగానే పెడుతున్నారు, వెంటనే పొమ్మని చీటీ రాసిచ్చాడు. గాలయ్య, ఉప్పలమ్మ, జానయ్య మద్రాసు రైలెక్కారు.

తప్పు ఆ రైల్లోనే మొదలైంది. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమనిషి గాలయ్య రొమ్ము మీద కాసిన కాయలు చూసి, వృత్తి అడిగి తెలుసుకుని, "మద్రాసులో కల్లు నిషేధమయ్యా. గీసినా జైలే, తాగినా జైలే. అక్కడ నోరు జారేవు సుమా" అని హితబోధ చేశాడు. తాత ముత్తాతల నుంచి చేస్తున్న పని నేరమయ్యే ఊరు ఒకటి ఉంటుందని గాలయ్య కలలో కూడా అనుకోలేదు. బిత్తరపోయాడు. దవాఖానలో డాక్టరు "నువ్వేం పని చేస్తావు?" అని అడిగితే "ఎవుసం" అనేశాడు. గుంటెడు భూమి లేనివాడు, నాగలి మేడి పట్టి ఎరగనివాడు. ఉప్పలమ్మా జానయ్యా నేలచూపులు చూశారు.

పొట్టకు ఎడమ పక్కన, నడుముకు కాస్త పైన, చర్మం లోపల డబ్బా పెట్టి దాని తీగలు గుండెకు కుట్టారు. బూటుపాలిష్ డబ్బా అంత ఉంటుంది. మనిషి పడుకున్నా పరుగెత్తినా అది గుండెను నిమిషానికి డెబ్బయిసార్లే కొట్టిస్తుంది. లోపలి బ్యాటరీలు రెండేళ్ళకు అటూ ఇటూగా అయిపోతాయి. అప్పుడు మళ్ళీ కోసి డబ్బా మార్చాలి. రోజూ నాడి చూసుకోవాలి. డెబ్బయి నుంచి కాస్త తగ్గినా ఉన్నపళాన రావాలి. పొట్టకు దెబ్బ తగలకూడదు. ఏడాదికి ఒకసారి వచ్చి చూపించుకోవాలి. ఇన్ని చెప్పి డాక్టరు చివర్న, "మూడు నెలలు ఆగి నీ పని నువ్వు చేసుకో, భయం లేదు" అన్నాడు. గాలయ్య చెవిలో ఆ చివరి మాట ఒక్కటే పడింది.

ఊరంతా వచ్చి డబ్బాను చూసిపోయింది. హనుమమ్మ అనే ముసలామె అతని పొట్టకు చెవి ఆనించి ఎంతోసేపు విని, "చప్పుడే లేదు గదనే ఉప్పలీ, మోసం జేసిండ్రేమో" అని తేల్చింది. ఉప్పలమ్మ చీపురు తీసి అందరినీ తరిమింది. ఆమె నాకు వరసకు చెల్లెలు. దుకాణం ముందు నుంచి పోతూ, "మా ఆయనకు నన్ను జూసినా డెబ్బయే, పామును జూసినా డెబ్బయే అన్నా" అని పరాచికాలాడేది. నవ్వుతూనే అనేది కాని కళ్ళ కింద నల్లగా ఉండేది. ఆ డబ్బా వచ్చినప్పటి నుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు.

గాలయ్య చెట్లను జానయ్య గీస్తున్నాడు. తన చెట్లూ అన్న చెట్లూ కలిపి ఎక్కలేక వాడి నడుము విరుగుతోంది. గాలయ్య కింద కూర్చుని, కత్తి అట్లా కాదు ఇట్లా పట్టు, లొట్టి వంగింది చూసుకో, అని అరిచేవాడు. వాడు పైనుంచి "ఊ" అనేవాడు. మూడు నెలలు కాదు, ఏడాది కావస్తున్నా ఉప్పలమ్మ ఎక్కనియ్యలేదు. మోకును తీసుకుపోయి జొన్నల గుమ్మిలో దాచింది.

ఒకరోజు మధ్యాహ్నం గాలయ్య నా దుకాణానికి వచ్చాడు. పొద్దున నాడి చూపించుకుని పోయినవాడే. ఇప్పుడు ఎగపోస్తున్నాడు, మాట రావడం లేదు, పెదవులు తెల్లబడ్డాయి. అంగీ ఎత్తి చూపించాడు. డబ్బా ఉన్న చోట కమిలి నల్లగా ఉంది. ఏం చేశాడో అడగక్కర్లేకపోయింది. జానయ్య పాత మోకు తీసుకుని, ఎవరూ లేనప్పుడు తాటిచెట్టు ఎక్కడానికి పూనుకున్నాడు. సగం దాకా కూడా పోలేదు. ముస్తాదు ముడి సరిగ్గా డబ్బా మీద పడింది. దాన్ని తప్పించబోతే మోకు పక్కనుంచి వచ్చి దాన్నే ఒరుసుకుంది. ఇంతలో ఊపిరి అందలేదు, కళ్ళు తిరిగాయి, చెట్టును కరుచుకుని జారుకుంటూ దిగాడు.

నేను చెయ్యి పట్టుకుని లెక్కపెట్టాను. ఒళ్ళంతా చెమట, రొమ్ము పైకీ కిందికీ ఎగిసిపడుతోంది, నాడి మాత్రం డెబ్బయి. మళ్ళీ లెక్కపెట్టాను. డెబ్బయే. ఆయాసపడే మనిషికి గుండె కూడా ఆయాసపడాలి. ఇతనికి అది తీరిగ్గా దాని దారిన అది నడుస్తోంది. నాకు నిజంగా భయమేసింది. భయమేస్తే నాకు తిట్లు వస్తాయి. నోటికి వచ్చినట్టు తిట్టాను.

అంతా విని, "జర ఒక గద్దె కుట్టియ్యి బావా" అన్నాడు. "చిన్న మెత్త లెక్క. డబ్బ మీద కట్టుకుంట. రాసుకోకుంటె సాలు, మెల్లగ ఎక్కుత."

"నీ ఊపిరికి గూడ మెత్త కుట్టాల్నా?"

"ఏడాదాయె బావా. జానయ్య గీసిన కల్లు అమ్మిన పైసల బువ్వ తింటున్న. గొంతుల దిగుతలేదు."

కుట్టను పొమ్మన్నాను. మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. నాడి చూపించుకునే నెపం ఉండనే ఉంది, రోజూ వస్తాడాయె. చివరికి విసుగుపుట్టి దూది కూరి, మందపాటి గుడ్డతో కుట్టడం మొదలుపెట్టాను. అతను బల్ల మీద కూర్చుని చూస్తుండగా ఉప్పలమ్మ వచ్చి నిలబడింది. జానయ్య చెప్పినట్టున్నాడు.

"ఏందన్నా గది? గద్దెనా, బొందల పరిచే బట్టనా?"

నేను మిషను ఆపాను.

గాలయ్య లేచాడు. "సారు జెప్పిండు గదనే, నీ పని నువ్వు జేస్కొమ్మని!"

"సారు ఎవుసం జేసెటోనికి జెప్పిండు. నువ్వు జేస్తవా ఎవుసం? చెయ్యి. రేపే నాగలి తెస్త, దున్ను. తాడెక్కుమని నీకు ఎవ్వలు జెప్పిండ్రు?"

"కింద కూసొని కూసొని నా పానం పోతాంది."

"మీదికి పోతె పోదా? నువ్వు తల ఏలాడేస్తివి, నీకేం ఎరుక? కింద నిలవడి చూసింది నేను." నా వైపు తిరిగింది. "కత్తెరియ్యి అన్నా. మోకు తెచ్చి నీ ముంగటనే ముక్కలు జేస్త."

నేను కత్తెరను తొడ కింద పెట్టుకున్నాను. వాళ్ళ నాయిన పేనిన మోకు నా కత్తెరతో తెగడం నాకు ఇష్టం లేదు. ఆమె ఏడుస్తోంది, అతను గుంజ పట్టుకుని ఆయాసపడుతున్నాడు, బేరానికి వచ్చినవాళ్ళు వెనక్కి పోతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"మీ లొల్లితోని నా తల పగులుతాంది. మద్రాసు పొయ్యి చూపెట్టుకునే గడువు దగ్గర పడ్డది గదా. పోయి ఆ సారుకు నిజం జెప్పుండ్రి. ఎక్కుమంటె ఎక్కు, వద్దంటె మానుకో. నన్ను సతాయించకుండ్రి."

ఉప్పలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎక్కుమంటె నా చేతులతోని మోకు తీసిస్త. వద్దంటె కోస్త. ఒప్పుకుంటవా?"

గాలయ్య మెల్లగా, "జైల్ల ఏస్తె?" అన్నాడు.

"ఏస్తె ఏసిండ్రు. జైల్ల తాళ్ళుండయ్."

అప్పుడు మాత్రం నవ్వాడు.

అన్న చెట్లు కూడా చూసుకోవాలి కనుక జానయ్యకు ఈసారి కుదరలేదు. చిన్నప్పుడు ఒక మద్రాసు దర్జీ దగ్గర పని నేర్చుకోవడం వల్ల నాకు నాలుగు అరవ ముక్కలు వచ్చు. ఆ పాపానికి నేను వెంటపోయాను. మోకు గోనెసంచిలో ఉంది. దారి పొడుగునా గాలయ్య ఆ సంచి మీదే కూర్చున్నాడు. మద్రాసు స్టేషనులో పోలీసు కనపడితే దొంగసొత్తు మోస్తున్నవాడిలా నా వెనక నక్కాడు. రైలు ప్రయాణం, ఎండ, ఆ నక్కడం, అన్నీ కలిసి దవాఖాన చేరేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

డాక్టరు నెల్లూరు వైపు మనిషి. సన్నగా, కళ్ళు గుంటలు పడి ఉన్నాడు. వరండా నిండా జనం. ఆయనకు కూడా మాలాగే ఎక్కడన్నా కాసేపు నడుం వాల్చాలని ఉన్నట్టనిపించింది. గాలయ్యను చూడగానే గుర్తుపట్టాడు.

"ఏమయ్యా, ఎట్టుండావు? సేద్యం ఎట్టుంది? వానలు పడ్డాయా?"

డాక్టరు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి అంగీ ఎత్తాడు. కమిలిన గుర్తు ఇంకా మానలేదు. ఆయన మొహం మారింది.

"ఇదేంది? ఎద్దు పొడిచిందా?"

ఊ అంటే సరిపోయేది. అబద్ధాన్ని ఆయనే అల్లి చేతికి అందించాడు. ఉప్పలమ్మ సంచి దగ్గర నిలబడి మొగుడి మొహమే చూస్తోంది. గాలయ్య పైకప్పు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"నాకు ఎడ్లు లేవు సారూ," అన్నాడు. "భూమి గూడ లేదు. నేను తాళ్ళెక్కెటోన్ని. కల్లు గీస్త. అప్పుడు జైల్ల ఏస్తరని బుగులైతే ఎవుసం అన్న." లేచి కూర్చుని, సంచిలోంచి మోకు తీసి ఆయన బల్ల మీద పెట్టాడు. "దీన్తోని ఎక్కుత."

డాక్టరు మోకును చూశాడు. జైలు మాట ఎత్తలేదు. "ఎట్టా ఎక్కుతావో చూపించు, పా" అని వరండాలోకి తీసుకుపోయాడు. అక్కడ లావుపాటి స్తంభం ఉంది. గాలయ్య ముస్తాదు బిగించి, స్తంభానికీ నడుముకూ కలిపి మోకు చుట్టి వెనక్కి వాలాడు. కాలు ఒక్కటి పైకి వేశాడు. చుట్టూ రోగులు మూగారు. డాక్టరు వంగి తన చేతిని ముడికీ డబ్బాకూ మధ్య దూర్చబోయాడు. వేలు కూడా పట్టలేదు. కాసేపు అట్లాగే వంగి చూసి, లేచి వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"అప్పుడే చెప్పుంటే డబ్బాను ఈ చోట పెట్టేవాణ్ణి కాదు గదయ్యా," అన్నాడు. "తాడు ఎక్కడ పడుతుందో చూసి ఇంకో చోట పెట్టేవాణ్ణి."

ఒక్క మాట, అదీ భయపడి అన్న మాట, అతని పొట్టలో తప్పుచోట కుట్టుపడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. నా కుట్టయితే విప్పి మళ్ళీ వేసేవాణ్ణి.

"ఇప్పుడు మార్చరాదా సారూ?" అని ఉప్పలమ్మ అడిగింది.

"మానిన చోటును ఊరికే కోయకూడదమ్మా. బ్యాటరీ అయిపోయినప్పుడు ఎటూ కోయాల. అప్పుడు చూద్దాం." గాలయ్య వైపు తిరిగాడు. "తాటిచెట్టు మాట మరిచిపో. నువ్వు తొందరపడినా నీ గుండె తొందరపడదు. రెండు బారలు ఎక్కంగానే కళ్ళు తిరుగుతాయి. తాడు ఒరుసుకుంటే లోపల తీగ తెగుతుంది. పొట్టి చెట్లుండాయా మీ ఊళ్ళో?"

"ఈతచెట్లున్నయ్ సారూ. నిలువెత్తుకు జర ఎక్కువుంటయ్, అంతే."

"పడినా ప్రాణం పోని చెట్టే ఎక్కు. నడుముకు ఏమీ కట్టొద్దు. ఆగి ఆగి ఎక్కు. కింద మనిషి ఉండాల. నాడి తగ్గిన రోజు చెట్టు ముట్టుకోవద్దు, రైలెక్కు." నా గద్దెను కూడా చూపించాం. చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, "ఇది పెడితే డబ్బా ఇంకా లోపలికి నొక్కుకుంటుంది, పారెయ్యండి" అన్నాడు. దూది కూరడానికి నేను పడ్డ పాట్లు ఆయనకేం తెలుసు.

పొట్టి చెట్టయినా ఎక్కమన్నాడు కనుక ఊరికి రాగానే ఉప్పలమ్మ మాట నిలబెట్టుకుంది. సంచిలోంచి మోకు తీసి అతని చేతికి ఇచ్చింది. నేను కత్తులు పెట్టుకోవడానికి భుజం మీదుగా వేసుకునే పట్టీ కుట్టిచ్చాను. ముస్తాదు అవసరం తప్పింది. వాగు ఒడ్డున పొట్టి ఈతచెట్లు కొన్ని గాలయ్య పాలికి వచ్చాయి. నడుముకు ఏమీ కట్టొద్దన్నాడు కనుక మోకును వదులుగా, తుంటి కిందికి జార్చి చుట్టుకునేవాడు. ఆ ఎత్తుకు అది అక్కర్లేదు కూడా. అయినా వదల్లేదు.

సంతోషపడ్డాడని చెబితే అబద్ధమవుతుంది. ఈతచెట్లు కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు ఎక్కే చెట్లు. దారినపోయేవాళ్ళు "గాలన్నా, నిచ్చెనెయ్యాల్నా?" అని పరాచికాలాడేవారు. నాలుగడుగులు ఎక్కి ఆగేవాడు. చెట్టుకు నుదురు ఆనించి ఊపిరి తీసుకునేవాడు. మళ్ళీ నాలుగడుగులు. ఉప్పలమ్మ లొట్టి పట్టుకుని ప్రతి చెట్టు కిందా తల పైకెత్తి నిలబడేది. ఆమె మెడ పట్టేసి సాయంత్రానికి తల తిప్పలేకపోయేది. ఆ ఎత్తు నుంచి రోడ్డు కనపడదు. గాలయ్య పెద్ద తాటిచెట్టు మీదున్న తమ్ముణ్ణి కేకవేసి "బస్సు ఏడున్నదిరా?" అని అడిగేవాడు. జానయ్య చెప్పేవాడు. అది విని కింద ఎవరూ పరుగెత్తేవాళ్ళు కాదు.

ఏడాది అట్లా గడిచింది. కల్లు కొంచెమే. అలసట మాత్రం బండెడు. కాని ఆ మనిషి నా దగ్గర గొంతులో బువ్వ దిగడం లేదని మళ్ళీ అనలేదు.

అరవై తొమ్మిదిలో, చలి ఇంకా పోని రోజుల్లో, ఒక పొద్దున గాలయ్య రాలేదు. దుకాణం తెరిచి ఒక రైక కుట్టడం కూడా అయిపోయింది. అప్పుడు వచ్చాడు, మోకు భుజం మీద ఉంది, వెనక ఉప్పలమ్మ. తొందరపడి ముందు చెట్టుకు పోయి, తర్వాత నా దగ్గరికి రావచ్చు అనుకున్నాడట. చెట్టు మీద ఊపిరి కోసం ఆగినప్పుడు అలవాటు కొద్దీ తన మణికట్టు తానే పట్టుకున్నాడు. కత్తి చెట్టుకు ఆనించనే లేదు, దిగివచ్చాడు.

బల్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు. ఉప్పలమ్మ పక్కనే కూలబడింది. లెక్కపెట్టాను. ఇంకోసారి లెక్కపెట్టాను. మొదటిసారే సరిగ్గా వచ్చింది, అయినా మూడోసారి కూడా ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాను.

"తక్కువున్నది గదా?" అన్నాడు.

"అరవై రెండు."

తల ఊపాడు. మోకు తీసి ఉప్పలమ్మ ఒళ్ళో పడేశాడు. "తియ్యి. గుమ్మిల ఏస్తవో పొయ్యిల పెడ్తవో నీ ఇష్టం. మల్ల కోస్తరు, మల్ల కుడ్తరు. రెండేండ్లకు ఇంకోపారి. యాష్టకొచ్చింది బావా. నాతోని గాదు."

నాకు ఆ గడియారాన్ని గోడ మీంచి పీకి వీధిలో విసిరేయాలనిపించింది. ఉప్పలమ్మ మోకును చుట్టలుగా చుట్టుకుంటూ లేచింది. "అన్నా, బస్సు ఉన్నదేమో అర్సుకరా" అని నాతో అని, అతన్ని రెక్కపట్టి ఇంటికి నడిపించుకుపోయింది.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్ళలో ఊరేగింపులూ బందులూ జరుగుతున్న రోజులు. బస్సులు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలియదు. తిరిగి తిరిగి, మధ్యాహ్నం బస్సు ఒకటి హైదరాబాదు దాకా పోతుందని రూఢి చేసుకుని వాళ్ళింటికి పోయాను. జానయ్య అప్పుడే చెట్టు దిగి వచ్చి గడపలో నిలబడి ఉన్నాడు. గాలయ్య గోడకు ఒరిగి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఉప్పలమ్మ గోనెసంచి మూతి కడుతోంది. ధోవతి, జొన్నరొట్టెలు, నీళ్ళ చెంబు. అన్నిటి కిందా చుట్టలు చుట్టిన మోకు.

"ఇదెందుకు చెల్లే?" అన్నాను. "ఆ సారుకు ఇప్పుడంత ఎరుకే గదా."

"ఎరుకైతె సాలదన్నా." ముడి పళ్ళతో పట్టి బిగించింది. "సారు కత్తి పట్టకముందు ఈనను స్తంభానికి నిలవెట్టి మోకు సుట్టిపిస్త. యాడ పడ్తదో కండ్లార జూసుకొని, పడని జాగల పెట్టమంట."

గాలయ్య కళ్ళు తెరిచాడు. ఆమె వైపు చూశాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, సంచిని భుజాన వేసుకోబోయాడు.

"పొట్టకు తగుల్తది, ఇటియ్యి" అని ఆమె లాక్కుని తనే ఎత్తుకుంది.